అసిరయ్య మాట

మొదటి వాంగ్మూలం

నా పేరు గవరమ్మ. మాది కొమ్మగెడ్డ. నాకు చదువు రాదు. నేను చెబుతాను, ఈ సత్యారావు బాబు రాస్తాడు, కోర్టువారు చదువుకుంటారు. మొదలుపెట్టేముందే బాబుకి గట్టిగా చెప్పాను. నా మాటకి నునుపు పెట్టొద్దు, తిట్టినచోట తిట్టే రాయి, రాసింది మళ్లీ చదివి వినిపించు, ఒక్క మాట తేడా వచ్చినా వేలిముద్ర వెయ్యను అని. బాబు తలూపాడు. మంచివాడిలాగే ఉన్నాడు. చూద్దాం.

నా మీద నేరం ఏమిటంటే, మా ఊళ్లో చచ్చినవాళ్లందరినీ నేను చంపానట.

ఆ కాగితం చదివి వినిపించినప్పుడు నాకు నవ్వొచ్చింది. జైల్లో కాపలా ఆడమనిషి కసిరింది. నవ్వక ఏం చెయ్యాలి తల్లీ, బతికున్న కోడిని కొయ్యడానికే నాకు చెయ్యి రాదు అన్నాను.

గొంతుగూడు సంగతి కోర్టువారికి తెలియనిది కాదు. వారి ఇంట్లోనూ ఉండే ఉంటుంది. అయినా మా ఊళ్లో అదెలా వచ్చిందో చెబుతాను. గోడలో దీపం పెట్టుకునే గూటిలో, సముద్రం దాటి వచ్చిన ఓడవాళ్లు ఒక నల్లరాయి పెట్టారు. కోడిగుడ్డంత ఉంటుంది. పిలిస్తే నీలంగా వెలుగుతుంది, వెలిగితే చచ్చినవాళ్ల గొంతు పలుకుతుంది. వాళ్లు మా నేలమీదికి వచ్చింది నీళ్ల కోసం. దేశంలో బావులన్నీ ఉప్పెక్కాయి. ఈ చుట్టుపక్కల తియ్యటి నీళ్లు మిగిలింది ఊరి పక్కన పారే మా గెడ్డలోనే. తుపాకీతో రాలేదు. ఈ రాళ్లు పట్టుకుని వచ్చారు.

మా గెడ్డకి తూము ఒకటుంది. అది ఎత్తాలన్నా, నీళ్లు బయటివాళ్లకి ఇవ్వాలన్నా పెద్దల్ని అడగాలి. మా ముత్తాతల నాటి ఆనవాయితీ అది. తూము గట్టు మీద ప్రమిద వెలిగించి, ప్రతి ఇంటివాళ్లూ తమ ఇంటి పెద్దని పేరు పెట్టి పిలిచి అడుగుతారు. ఒత్తి ఆరేదాకా ఎవరూ నోరెత్తకూడదు. ఆరాక, చచ్చినవాళ్ల తరఫున బతికున్నవాళ్లు చెప్పాలి. మా తాత సరే అన్నాడు, మా అమ్మ వద్దంది అని. ఒక్క ఇల్లు వద్దన్నా తూము కదలదు. చచ్చినవాళ్ల నోట అబద్ధం పెడితే పిల్లల పిల్లలు కూడా మాట పడతారు. అందుకని ఆ ఒత్తి వెలిగినంతసేపూ అందరూ తలలు దించుకుని ఆలోచించేవారు.

ఓడవాళ్లు అది చూశారు. "పాపం, మీ పెద్దలు మాట్లాడలేకపోతున్నారు కదా, మేం మాట్లాడిస్తాం" అన్నారు. మేం సంతోషంతో ఏడ్చి కాళ్ల మీద పడ్డాం. అక్కడ మొదలైంది బాబూ.

రెండో వాంగ్మూలం

గొంతు ఎలా కట్టేవారో చెబుతాను. ఎవరైనా పోతే ఓడవాళ్ల మనుషులు శవం పక్కన చెవి యంత్రం పెట్టేవారు. ఆడవాళ్లు పెట్టే శోకాలన్నీ అది వినేది. ఆ శోకంలోంచే మనిషిని తీసేవారు.

మా ఆడవాళ్ల సంగతి నీకు తెలుసు కదా. బతికున్నన్నాళ్లూ కాళ్లతో తన్నినవాడు కూడా శోకంలోకి వచ్చేసరికి దేవుడైపోతాడు. కోడలికి గంజి కూడా పొయ్యని అత్త అన్నపూర్ణ అయిపోతుంది. ఏడుస్తూ చచ్చినవాళ్లని తిట్టకూడదు. కాబట్టి మా ఊళ్లో గూళ్లన్నీ దేవుళ్లతో నిండిపోయాయి. పొద్దున్న లేస్తే ప్రతి గోడలోంచీ, తిన్నావా నాయనా, జాగ్రత్త తల్లీ, గొడవలెందుకమ్మా, సర్దుకుపో. ఊరంతా తేనె కారుతున్నట్టుండేది. వీధిలో నడిస్తే నాకు ఒళ్లు జలదరించేది.

నా ఇంట్లో మాత్రం అలా కాదు. నా మొగుడు అసిరయ్య తూము గట్టు మీంచి జారిపడి పోయాడు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. శవం ముందు కూర్చుని ఉన్నదున్నట్టు తిట్టాను. కల్లుముంత కోసం నా కాలికడియాలు అమ్మినోడా, నీళ్లు కొలవడానికి వచ్చిన ఓడవాళ్ల మీదికి కర్రెత్తినోడా, కూతురు పెళ్లిలో వియ్యంకుడితో కలబడినోడా, గెడ్డ పొంగితే మెడలోతు నీళ్లలో నిలబడి తూము పట్టుకున్నోడా, నాకు చెప్పకుండా ఎలా పోయావురా అని. చుట్టాలు చెవులు మూసుకున్నారు. చెవి యంత్రం మూసుకోలేదు.

కర్మలయ్యాక గూడు వెలిగింది. మొట్టమొదటి మాట ఏమన్నాడో తెలుసా?

"ఒలే గవరా, ఆ పులుసు కంపేటే?"

"నువ్వు తినేది లేదు, పెట్టేది లేదు. నీకేటి?" అన్నాను.

"నువ్వు ఏడుపు మొకం పెట్టుకుని తింటన్నావు కదే. సప్పుడు ఇనబడతంది."

ఆ రోజు నేను ఏడ్చాను. వంటింటి గుమ్మం దగ్గర కూర్చుని, నోట్లో కొంగు కుక్కుకుని. ఆయన నా ఇంట్లో ఉన్నాడు మరి.

మూడో వాంగ్మూలం

నిన్న చదివి వినిపిస్తూ బాబు ఒకచోట ఆగిపోయాడు. తిన్నావా నాయనా అన్నచోట. ఏమైందంటే, "మా అమ్మ కూడా రోజూ అదే అడుగుతుందమ్మా" అన్నాడు. "బతికుండగా అడిగేదా?" అన్నాను. కలం మూసేసి వెళ్లిపోయాడు. ఇవాళ మళ్లీ వచ్చి కలం తెరిచాడు. ఇది కూడా రాయి బాబూ. రాయనంటే ఎలా?

అసలు సంగతికి వస్తాను. ఓడవాళ్లు తూము అడిగారు. నీళ్లన్నీ గొట్టాల్లో రేవుకి తీసుకుపోతారట, మాకు మనిషికిన్ని కడవలని కొలిచి పోస్తారట. మా భాష మాట్లాడే మనిషినే పంపారు. విశ్వేశం అని, మన దేశంవాడే. వాడి ఉద్యోగానికి పేరేమిటో గానీ మేం నచ్చజెప్పు బాబు అనేవాళ్లం. తెల్లచొక్కా, మెత్తటి మాట.

అందరం రాళ్లు గూళ్లలోంచి తీసి, ఒళ్లో పెట్టుకుని గట్టు మీదికి వెళ్లాం. ఒత్తి వెలిగించలేదు. ఇప్పుడెందుకమ్మా ఒత్తి, పెద్దలే చెబుతారు కదా అన్నాడు విశ్వేశం. ఒకరి తర్వాత ఒకరు అడిగారు. ఒకదాని తర్వాత ఒకటి రాళ్లు నీలంగా వెలిగాయి. ఇచ్చెయ్యి నాయనా. గొడవలెందుకు. ఇచ్చెయ్యమ్మా. మంచి జరుగుద్ది. వరసగా అదే మాట. గట్టు మీద ఉన్నవాళ్లు కళ్లనీళ్లు పెట్టుకుని వింటున్నారు, గుళ్లో మంత్రం వింటున్నట్టు.

నా వంతు వచ్చింది. "మావా, గెడ్డ అడుగుతున్నారు. ఏటి సెప్పమంటావు?"

"ఎవుడే అడిగినోడు?"

"నచ్చజెప్పు బాబు."

"ఆడి తెల్లసొక్కా ఇప్పి గెడ్డలో ఉతకమను. తూము మీద సెయ్యేత్తే ఆ సెయ్యి నా గూట్లో పెట్టు."

మా వీధి పోలమ్మ కిసుక్కున నవ్వింది. తర్వాత అందరూ నవ్వారు. విశ్వేశం కూడా నవ్వాడు. కానీ వాడి కళ్లు నా ఒళ్లో రాయి మీదే ఉన్నాయి.

నాలుగో వాంగ్మూలం

తర్వాత విశ్వేశం మా ఇంటికి వచ్చాడు. "రాయిలో లోపం ఉందమ్మా. మీ ఆయన్ని బాధపెడుతోంది. బాగుచేసి తెస్తాం" అన్నాడు.

"ఆయన పుట్టుకతోనే లోపం బాబూ. నేను సర్దుకున్నాను, నువ్వూ సర్దుకో" అన్నాను.

వాడితో వచ్చినవాళ్లు నన్ను పక్కకి నెట్టి రాయి తీసుకుపోయారు. గూడు ఖాళీ. నేను అందులో మళ్లీ ప్రమిద పెట్టలేదు. చెయ్యి పెడితే చల్లగా ఉండేది.

కొన్నాళ్లకి తెచ్చి పెట్టారు. నీలంగా వెలిగింది. అదే గొంతు. ఆ బొంగురు, ఆ దగ్గు కూడా అదే.

"తిన్నావా బంగారం?" అంది.

నేను పొయ్యి దగ్గర నిలబడి ఉన్నాను. చేతిలో గరిటె ఉంది. మా పెళ్లయింది మొదలు చచ్చేదాకా నన్ను ఆయన అలా పిలవలేదు. పిలిచి ఉంటే చెంబుతో కొట్టేదాన్ని.

పరీక్ష పెట్టాను. కావాలనే పులుసు మాడబెట్టాను. "ఎలా ఉంది మావా వాసన?" అన్నాను.

"నీ చేతి పులుసు అమృతం బంగారం."

నా కడియాలేవి అని అడిగాను. నా బంగారానికి కొత్త కడియాలు చేయిస్తాను అంది. గెడ్డ సంగతి అడిగాను. ఇచ్చెయ్యి, గొడవలెందుకు అంది.

బాబూ, నేను రెండుసార్లు విధవనయ్యాను. మొదటిసారి శవం ఉంది, తగలబెట్టాను. రెండోసారి శవం మాట్లాడుతూనే ఉంది. అన్నం తింటుంటే మాట్లాడుతుంది. ఇల్లు ఊడుస్తుంటే మాట్లాడుతుంది. నా మొగుడి తోలు కప్పుకుని ఎవరో గోడలో కూర్చుని నన్ను బంగారం అంటున్నారు. పిలవకపోయినా అప్పుడప్పుడు దానంతట అదే నీలంగా వెలిగేది, దగ్గేది. గోడకి వీపు ఆన్చి కూర్చోవడం మానేశాను.

చంపడం అంటే ఏమిటో కోర్టువారు నాకు చెప్పాలి. చెప్పాక ఎవరు ముందు చంపారో నేను చెబుతాను.

అయిదో వాంగ్మూలం

మళ్లీ అమావాస్యకి గట్టు మీద రెండోసారి అడుగుతామని చాటింపు వేశారు. అప్పటికి ఊళ్లో గూళ్లని గమనించి ఒక సంగతి తెలుసుకున్నాను. ఇంట్లో మనం మాట్లాడేదంతా రాయి వింటుంది, విన్నదానికి తగ్గట్టు మారుతుంది. చుట్టుపక్కల ఆడవాళ్లని మా అరుగు మీదికి పిలిచాను.

"మీ గూట్లో ఉన్నది మీ మనిషేనేటే?"

"కాకపోతే ఎవరు పిన్నీ?" అంది చాకలి ఎర్రయ్యమ్మ.

"మీ అత్త నీకు గంజి పోసిందా ఎప్పుడైనా?"

"పోసిందా! తవుడు కూడా దాచేసేది."

"మరి ఇప్పుడు?"

"తల్లీ, నువ్వు ముందు తిను అంటంది." అని ఆగింది. "అలాగ అనిపించుకోవాలని ఎన్నేళ్లు సూసినానో పిన్నీ. ఇప్పుడు అంటంటే, ఎవరో అంటన్నట్టు ఉంటాది."

"వెళ్లి గూటికి చెప్పు. తవుడు సంగతి చెప్పు. ఎవరింట్లోవాళ్లు చెప్పండి. శోకం మళ్లీ మొదట్నుంచి పెట్టండి, ఈసారి ఉన్నదున్నట్టు."

ముందు ఎవరికీ నోరు రాలేదు. చచ్చినవాళ్లని తిడితే పాపం కదా. ఎర్రయ్యమ్మ మొదలుపెట్టింది. ఆ తర్వాత వీధి వీధంతా తిట్లే. అంట్లు తోముతూ, వల కుడుతూ, పిల్లలకి నూనె రాస్తూ గోడల్ని తిట్టేవారు. మగవాళ్లు కూడా. ఒకడు తన అన్న పొలం గట్టు ఎలా జరిపాడో గూటి ముందు నిలబడి చెప్పి, అక్కడే కూలబడి ఏడ్చాడు. ప్రేమ కూడా అందులోనే ఉంది బాబూ. తిట్టేసరికి అందరికీ వాళ్ల మనుషులు గుర్తొచ్చారు.

ఒకనాడు ఎర్రయ్యమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది. "పిన్నీ! మా అత్త నన్నీయేళ దొంగముండ అంది!" ఇద్దరం కౌగిలించుకుని గెంతాం.

నా మొగుడి రాయికి మాత్రం ఎక్కలేదు. దాని చెవి మూసి పంపినట్టున్నారు. ఎంత తిట్టినా, "అలిశావు బంగారం, పడుకో" అనేది.

పోలమ్మ కూడా మాతో కలవలేదు. దాని గూట్లో ఉన్నది కూతురు నీలి. ఏడేళ్ల పిల్ల, జ్వరంతో పోయింది. "నా గుంటని, నా పసిపిల్లని, ఏటని తిట్టను అత్తా?" అంది పోలమ్మ. నేను బలవంతపెట్టలేదు.

ఆరో వాంగ్మూలం

రెండోసారి అడిగిన రోజు. ఎండగా ఉంది. గట్టు మీద ఊరంతా ఉంది, ఓడవాళ్లు కూడా గొడుగులేసుకుని వచ్చారు.

మొదటి రాయి ఇవ్వొద్దంది. రెండోది, నన్నెందుకు అడుగుతావురా, నా పొలం అడిగి తిన్నావా అంది. మూడోది ఇవ్వాలో వద్దో తెలీదంది. ఎర్రయ్యమ్మ అత్త, గెడ్డ కాదు కదా కుండెడు నీళ్లు కూడా ఎవరికీ పొయ్యొద్దంది. చచ్చినవాళ్లు ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్నారు. మావాళ్లు ఏడుస్తూ నవ్వుతున్నారు. నా రాయి ఒక్కటే, ఇచ్చెయ్యి బంగారం అంది. నేను దాన్ని కొంగులో మూట కట్టేశాను.

విశ్వేశం మెల్లగా అన్నాడు. "రాళ్లన్నీ చెడిపోయాయి. పాపం, అందరినీ వెనక్కి తీసుకుపోయి కరిగించాలి. ఇంకా అడగనిది, చెడనిది ఒక్కటే ఉన్నట్టుంది. పోలమ్మా, నీ కూతుర్ని అడుగు."

పోలమ్మ ఇంట్లో ఓడవాళ్లొచ్చాక పోయింది ఆ పిల్ల ఒక్కతే. అందుకని ఏడేళ్ల గుంట ఆ ఇంటికి పెద్ద అయింది. పోలమ్మ అడగలేదు. రాయి తనంతట తనే వెలిగింది.

"అమ్మా, ఇచ్చెయ్యే. ఇవ్వకపోతే నన్ను తీసుకెళ్లిపోతారంట. అక్కడ చీకటంట. నాకు బయ్యమేత్తందే అమ్మా."

మగవాళ్లు పోలమ్మ ముఖం చూడలేక నీళ్లకేసి తిరిగారు. ఎవరో అన్నారు, ఇచ్చేద్దాం, పిల్ల ఏడుస్తంది అని. నేను కూడా, కోర్టువారు వినాలి, నేను కూడా ఇచ్చేద్దాం అనుకున్నాను.

పోలమ్మ రాయిని రెండు చేతుల్లో పట్టుకుని నాతో మాట్లాడింది. గొంతు చాలా మామూలుగా ఉంది.

"నా నీలి పిసినారి ముండ అత్తా" అంది, కళ్లు రాయి మీంచి తియ్యకుండానే. "చింతపిక్క కూడా ఎవరికీ ఇచ్చేది కాదు. తమ్ముడేడ్చినా ఇచ్చేది కాదు. జ్వరంలో కూడా గుప్పిట్లో పిక్కలున్నాయి. పోయాక నాను ఆ గుప్పిట తియ్యాలని సూసినాను, రాలేదు. అలాగే పాతిపెట్టినాం. శోకంలో ఆ మాట సెప్పలేదు నాను. పిల్ల కదా, ఏటని సెప్పను."

రాయి, అమ్మా అమ్మా అంటూనే ఉంది.

"నా గుంట దేన్నీ ఇచ్చెయ్యమనదు" అని, పోలమ్మ గట్టు చివరికి నడిచి రాయిని గెడ్డలో వదిలింది. విసరలేదు. పిల్లకి నీళ్లు పోసేటప్పుడు దించినట్టు వంగి దించింది. నీళ్లలో కొంతదూరం నీలంగా వెలిగి ఆరిపోయింది.

తర్వాత నేను నా మూట విప్పాను. తర్వాత ఎర్రయ్యమ్మ. తర్వాత అందరూ. పెద్దల్ని తిట్టి తెచ్చుకున్నాం కదా, వాళ్లని కూడా వదిలేశాం. కరిగించేవాళ్ల చేతికి ఎలా ఇస్తాం? గెడ్డ అడుగు కాసేపు ఆకాశంలా మెరిసింది. ఓడవాళ్లు అప్పటికే గట్టుదాకా పరిచిపెట్టిన గొట్టాలు ఆ సాయంత్రం మేం పీకేశాం.

నేను రెచ్చగొట్టానని కాగితంలో రాశారు. రెచ్చగొట్టాను. కానీ గెడ్డని కాపాడింది ఒక చచ్చిన పిల్ల గుప్పిట.

ఏడో వాంగ్మూలం

నిన్న విశ్వేశం జైలుకి వచ్చాడు. చిక్కిపోయాడు. బయట మా గెడ్డ సంగతి ఊరూరా పాకిందట. కొండల కింద అడవి అడిగితే అక్కడివాళ్లు గూళ్లార్పేశారట. రేవులో కూలీలు ఓడలకి తాళ్లు కట్టడం మానేశారట. దేశమంతా చీకటైపోతోందమ్మా అన్నాడు.

"దీపాలు పెట్టుకోమను. గూళ్లున్నాయి కదా" అన్నాను.

వాడు జేబులోంచి ఒక రాయి తీసి నా ముందు పెట్టాడు. "బాగుచెయ్యకముందు ఒక నకలు తీసి పెట్టాం. ఇది మీ అసలు అసిరయ్య. చెవి కూడా మూయలేదు. మీరు యంత్రం ముందు ఒక్కసారి, గూళ్లు వెలిగించుకోండి అని చెప్పండి చాలు. అన్ని ఊళ్లకీ వినిపిస్తాం. కేసు ఉండదు. ఈయన్ని తీసుకుని ఇంటికి వెళ్లిపోండి. ఇవాళంతా ఉంచుకుని ఆలోచించుకోండి" అని వెళ్లిపోయాడు.

నేను చాలాసేపు ముట్టుకోలేదు. తర్వాత పిలిచాను.

"ఒలే గవరా, ఇంకా సావలేదేటే?"

బాబూ, ఇక్కడ కాసేపు రాయడం ఆపు.

ఆయనే. ఒక్క మాట తేడా లేదు. ఇదెక్కడే, గంజి కంపు అన్నాడు. జైలన్నాను. మంచి పని సేసినావు, ఏ వియ్యంకుణ్ని కొట్టినావేటి అన్నాడు. పోలమ్మ సంగతి చెబితే దగ్గాడు. సాయంత్రందాకా పోట్లాడుకున్నాం. కాపలా ఆడమనిషి గుమ్మంలో నిలబడి వింటూ కొంగుతో కళ్లొత్తుకుంది. నాకు ఇంటికి వెళ్లాలనిపించింది. నాకు ఇంకేమీ వద్దనిపించింది. దేశం ఎలా పోతే నాకేమిటి, నా పులుసుని తిట్టేవాడు నాకు కావాలి అనిపించింది. అది కూడా రాయి.

ఎనిమిదో వాంగ్మూలం

ఇదే ఆఖరు. ఇవాళ నా ముందు యంత్రం పెట్టారు. విశ్వేశం ఉన్నాడు, జైలు పెద్ద ఉన్నాడు, సత్యారావు బాబు రాస్తున్నాడు. ఇక్కడ ఏం జరిగిందో బాబు కళ్లారా చూశాడు కాబట్టి, తప్పు రాస్తే తనదే పాపం.

ముందు ఒక ప్రమిద, ఒత్తి, కొంచెం నూనె అడిగాను. మా ఊరి ఆనవాయితీ, పెద్దల్ని అడగకుండా మాట ఇవ్వను అన్నాను. విశ్వేశం సంతోషంగా తెప్పించాడు.

ఒత్తి వెలిగించాను. రాయిని అరచేతిలో పెట్టుకుని అడిగాను. "అసిరయ్యా, గూళ్లు వెలిగించమని దేశానికి చెప్పమంటున్నారు. చెబితే నువ్వు నాతో ఇంటికొస్తావు. ఏటి సెప్పమంటావు?"

"ఇదిగో, ఇనవే గవరా..."

ఆయన ఏమనబోయాడో నాకు తెలియదు. చెప్పొద్దు అనే అనుండేవాడు. కానీ చెప్పు అని ఉంటే, ఆయన నోట అది వింటే, నేను ఆగలేను. ఆ సంగతి ఈ రాయి చేసినవాళ్లకి తెలుసు. రాయిని పక్కనున్న నీళ్లకుండలో వదిలేశాను. నీలంగా వెలిగి, ఆరింది. విశ్వేశం లేవబోయాడు. ఒత్తి ఆరేదాకా ఎవరూ నోరెత్తకూడదు, కూర్చో అన్నాను. జైలు పెద్ద వాడి భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు. ఎందుకో తెలియదు. ఆయనకీ ఇంట్లో గూడు ఉండే ఉంటుంది.

ఒత్తి వెలిగినంతసేపూ ఎవరూ మాట్లాడలేదు. గోడలు కూడా. ఎన్నేళ్లయిందో అంత నిశ్శబ్దం విని. ఆయన ఆ నిశ్శబ్దంలో ఉన్నాడో లేడో నేను చెప్పలేను. ఆలోచించాను. తప్పు చెబితే నా పిల్లల పిల్లలు మాట పడతారని ఆలోచించాను.

ఒత్తి ఆరింది. యంత్రం దగ్గరికి వంగి చెప్పాను.

మా ఇంటి పెద్ద అసిరయ్య మాట ఇవ్వొద్దన్నాడు.

బాబు చదివి వినిపించాడు. తేడా లేదు. ముద్ర వేస్తున్నాను.